నాలుగో కట్ట ముందు, మూడో కట్ట వెనక

నా చిన్నప్పుడు రాయపూర్‌లో మేం తెలుగు సినిమా చూడాలంటే ఆ సినిమా పెట్టె రైలెక్కి మా దగ్గరికి రావాలి. మా డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీ ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఏడాదికి రెండు మూడుసార్లు తెల్లబట్ట కట్టి, విశాఖ నుంచి తెప్పించిన సినిమా ఏదో ఒకటి ఆదివారం ఆడించేవారు. పెట్టె విప్పేదాకా అది ఏ సినిమానో ఎవరికీ సరిగ్గా తెలిసేది కాదు. నాకు పదేళ్ళు నిండిన ఆ శీతాకాలం మాత్రం నెల ముందే తెలిసిపోయింది. మా పక్కింటి అత్త దగ్గరున్న పుస్తకాన్నే ఎవరో సినిమాగా తీశారట, అదే వస్తోందట.

అత్త మాకు బంధువు కాదు. మా నాన్నా, ఆవిడ భర్తా రైల్వే వ్యాగన్లు బాగుచేసే షాపులో ఒకే షెడ్డులో పనిచేసేవారు. రెండు కుటుంబాలదీ విజయనగరం వైపే కాబట్టి నేను వాళ్ళని అత్త, మామయ్య అనేదాన్ని. మధ్యాహ్నం షాపు భోంపూ మోగి మగవాళ్ళు మళ్ళీ పనిలోకి వెళ్ళిపోయాక మా వరసలో ఆడవాళ్ళు అత్త వరండాలో చేరేవారు. ఒకరు కూరకి తివరా ఆకు దూసుకుంటూ, ఒకరు బియ్యం ఏరుకుంటూ ఉంటే అత్త పుస్తకం చదివి వినిపించేది. నేను హిందీ బడిలో చదివేదాన్ని. తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. అక్షరాలు నేర్పించింది కూడా అత్తే, ఆ పుస్తకంలోనే, వేలు పెట్టి.

అది అంగట్లో కొన్న పుస్తకం కాదు. ఒకప్పుడు వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన కథ. అత్త వాళ్ళమ్మ వారం వారం ఆ పేజీలు కత్తిరించి, దాచి, నాలుగు కట్టలుగా దారంతో కట్టి పెట్టుకున్నారట. ఆవిడ పోయాక అత్త ఆ కట్టల్ని రాయపూర్ తెచ్చుకుని గుఢియారీ బజారులో ఒక బైండరుకిచ్చి ఎర్ర అట్ట వేయించింది. అంచులు సమంగా రావాలని బైండరు చుట్టూ కోసేయడంతో పేజీల నంబర్లన్నీ పోయాయి. పాపం ఆయనకి తెలుగు రాదు.

కథ ఇద్దరు అక్కచెల్లెళ్ళది. తల్లి లేని పిల్లలు, ఒక పాత ఇల్లు, ఒక ఆవు. ఒక విందులో పడిన మాట దగ్గర ఇద్దరికీ చెడుతుంది. అక్కడి నుంచి వరండాలో అందరూ ఆకు దూయడం ఆపి వినేవారు. ఎందుకంటే అత్త సంగతి మా కాలనీ అంతా ఎరిగినదే. వాళ్ళమ్మ పోయినప్పుడు రైళ్ళు దొరక్క అత్త నాలుగో రోజుకి గాని ఊరు చేరలేదు. నలుగురిలోనూ సొంత చెల్లెలు, "రాయపూర్ వాళ్ళకి రైలుందిగాని అమ్మ లేదు" అన్నదట. ఆ మాట అత్త లోపల నాలుగేళ్ళు ఉండిపోయింది. ఇద్దరికీ ఉత్తరాల్లేవు, ఫోన్లు లేవు. ఆ శీతాకాలంలోనే చెల్లెలి కూతురి శుభలేఖ వచ్చింది. అడుగున పెన్నుతో ఒక్క ముక్క: రాగలిగితే రా. మామయ్య వెంటనే ఆఫీసులో ఇద్దరికీ రైల్వే పాస్ రాయించేశాడు. అత్త మాత్రం వెళ్తాననీ అనలేదు, వెళ్ళననీ అనలేదు.

సినిమా వస్తోందని తెలిసిన రోజే ఆవిడ ఒక నియమం పెట్టింది. పుస్తకం ఆఖరిదాకా విననివాళ్ళు సినిమాకి రాకూడదు. అంతకు ముందు సగంలో ఆగిపోయిన చదువు మళ్ళీ మొదటి నుంచి పట్టాలెక్కింది. దీని మీద ఒక సాయంత్రం మా వాకిట్లో పెద్ద వాదన జరిగింది.

"సినిమా చూసీసాక తీరిగ్గా చదువుకోవచ్చు గదమ్మా. ముందే కథ తెలిసిపోతే ఏటి మజా ఉంటాది?" అన్నాడు మా నాన్న.

"మజా కోసమైతే సర్కస్‌కెళ్ళండన్నయ్యా," అంది అత్త. "చదివి వెళ్తే తెలిసినోళ్ళింటికెళ్ళినట్టుంటాది. చదవకుండా వెళ్తే ఎవలిదో పెళ్ళిలో దూరి భోజనం చేసినట్టే."

మామయ్య నవ్వి, "భోజనం బాగుంటే చాలు, పెళ్ళెవలిదైతే మనకేటి!" అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఎవరి వైపూ తేల్చుకోలేకపోయాను. నాన్న చెప్పింది నిజమే అనిపించింది. అత్త మాటా నిజంలాగే వినిపించింది.

చదువు రోజూ సాగింది. చెల్లెలు ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. ఆవు చచ్చిపోయింది. అక్క ఇంటికి తాళం వేసి వీధి మలుపు తిరిగిపోయింది. అక్కడ అత్త "రేపు" అని లేచిపోయింది. మర్నాడు అత్త పేజీ తిప్పగానే చెల్లెలు తిరిగొచ్చింది, తలుపు తట్టింది, అక్క తీసింది, ఇద్దరూ ఆవు పాలతో పరమాన్నం వండారు.

వింటున్న మా ఎదురింటి అక్క ఊరుకోలేదు. "అదేటొదినా, నిన్న చచ్చిపోయిన ఆవు ఇయ్యాల పాలెలాగిచ్చింది?"

"ఇంకో ఆవుని కొనుంటారు," అంది మా అమ్మ. "పేరు అదే పెట్టుంటారు."

"మరి తాళం ఏసీసి ఎళ్ళిపోయిన మనిషి లోపల్నించి తలుపెలాగ తీసింది?"

"తిరిగొచ్చీసుంటాది. అన్నీ రాస్తే పుస్తకం ఎవలు మోస్తారు? నువ్వు ఆకు దుయ్యి," అంది అత్త తలెత్తకుండా.

ఆ తర్వాత వారం రోజులు ఆ అక్కచెల్లెళ్ళు ఒకే పొయ్యి దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. ఆఖరి పేజీ ఇద్దరూ ఒకే పళ్ళెంలో తినడంతో ముగిసింది. అత్త మెల్లగా "సమాప్తం" అని, పుస్తకం మూసి, ఎవరూ అడక్కుండానే, "వెళ్తాన్లే పెళ్ళికి. ఒక్క చెల్లే గదా," అంది. మా అమ్మ కళ్ళు తుడుచుకుంది. ఎదురింటి అక్క అప్పటికప్పుడు అత్త కట్టుకోవాల్సిన చీర రంగు చెప్పేసింది.

తర్వాతి ఆదివారం సినిమా వచ్చింది. హాల్లో కింద బొంతలు పరుచుకుని కూర్చున్నాం. అత్త చెప్పినట్టే మొదట తెలిసినవాళ్ళింటికి వెళ్ళినట్టే ఉంది. ఇదిగో ఆ విందు, ఇదిగో ఆ మాట. కాసేపటికి నాకేమీ అర్థం కాకుండా పోయింది. పరమాన్నం ముందే వచ్చేసింది. ఇద్దరూ ఒకే పళ్ళెంలో తినేశారు. అప్పుడు మళ్ళీ గొడవ మొదలైంది. ఆవు చచ్చిపోయింది. చెల్లెలు వెళ్ళిపోయింది. అక్క తలుపు దగ్గరికి లాగి తాళం వేసింది. ఆ తాళం చప్పుడు హాలంతా వినిపించింది. అంతే, దీపాలు వెలిగాయి.

దారి పొడుగునా ఆడవాళ్ళు సినిమా వాళ్ళని తిట్టారు. "పుస్తకాన్ని పూరా బిగాడ్ చేసీసారు. ఆఖర్లో ఉన్నది తెచ్చి మధ్యలో పడీసారు," అంది ఎదురింటి అక్క. "కొత్త ఆవు దొరక్క అక్కడితో ఆపీసారేమో," అని మా అమ్మ. అందరూ నవ్వుతున్నా అత్త నవ్వలేదు. తిట్టలేదు కూడా. ఆ సాయంత్రం గోడ అవతల నుంచి ఆవిడ మాట వినిపించింది. "పాస్ వాపస్ ఇచ్చీయండి. నాను వెళ్ళను." మామయ్య ఏదో గొణిగాడు. తర్వాత గిన్నెల చప్పుడు వినిపించింది.

నాకు ఆ సినిమా మీద పిచ్చికోపం వచ్చింది. వాళ్ళు కథ తిరగేసి చెప్పబట్టే అత్త మనసు మార్చుకుంది. అది అబద్ధమని చూపిస్తే వెళ్తుంది. సాక్ష్యం పుస్తకంలోనే ఉంది. మర్నాడు మధ్యాహ్నం అత్త కుళాయి దగ్గరికి వెళ్ళగానే నేను ఎర్ర అట్ట తీసుకుని వరండాలో కూర్చుని ఆఖరి పేజీ తీశాను. అత్త "సమాప్తం" అని చదివిన చోటు నాకు బాగా గుర్తే. అక్కడ వేలు పెట్టాను. బ్రాకెట్లలో ఉన్న మాట "స"తో మొదలవలేదు. కూడబలుక్కుని చదివాను. "ఇం-కా ఉం-ది."

ఇంకోసారి చదివాను. అదే. పుస్తకం తిరగేశాను. తాళం వేసి అక్క మలుపు తిరిగిపోయే పేజీ దగ్గర, అంటే పుస్తకం మధ్యలో, చివరి లైను కింద ఆ మాట ఉంది. సమాప్తం. అక్కడ అత్త ఆ మాట చదవనే లేదు. ఊపిరి తీసుకుని, "రేపు" అని లేచిపోయింది.

అంటే సినిమాదే నిజం. గుఢియారీ బైండరు నాలుగో కట్టని ముందు, మూడో కట్టని వెనక పెట్టి కుట్టేశాడు. అందుకే ఆవు మళ్ళీ బతికింది. అది తెలిసినందుకు ఒక్క నిమిషం గొప్పగా అనిపించింది. ఆ వెంటనే, మరి అత్త సంగతేమిటి అనిపించి భయం వేసింది. ఆ రెండు మాటలూ ఆవిడ కళ్ళబడకుండా ఉండవు. ఆవిడకి ముందు నుంచే తెలుసు. ఇంటికి పరుగెత్తి అమ్మకి చెప్పాను. అమ్మ చేతిలో పని ఆపి నా వంక చూసి, "ఎవరితోనూ అనకు," అంది. ఎందుకని అడిగితే మళ్ళీ పనిలో పడింది.

నేను ఆగలేకపోయాను. బిందెతో వచ్చిన అత్త ముందు పుస్తకం తెరిచి పట్టుకుని, "అత్తా, నీకు తెలుసా?" అన్నాను.

ఆవిడ బిందె దించి, చేతులు కొంగుకి తుడుచుకుంది. "తెలుసే. మొదటిసారి చదివిన రోజే తెలిసింది."

"మరి మాకెందుకలా చదివేవు?"

"బైండరు దగ్గరికి పట్టుకెళ్ళి విప్పించీద్దామని లేచేను. ఆఖరి పేజీ ఇంకోసారి చదివేను. మళ్ళీ కూర్చుండిపోనాను."

అంతకన్నా చెప్పదేమో అనుకున్నాను. కానీ ఆవిడ గుమ్మంలో కూర్చుని, నాతో అన్నట్టు కాకుండా, మెల్లగా అంది. "పుస్తకమైతే పేజీ నా చేతిలో ఉంటాది. ఆగమంటే ఆగుతాది. ఇష్టమైన కాడ సమాప్తం అనుకోవచ్చు. అక్కడ తెరమీద మనం ఆగమంటే ఆగుతారా? తాళం పడిపోయింది. ఆ చప్పుడు వింటే మా చెల్లి గుమ్మమే కనిపించింది."

నాకు సగమే అర్థమైంది. అడగాల్సింది ఒక్కటే మిగిలింది. "అయితే ఏది నిజమత్తా?"

ఆవిడ పుస్తకం నా ఒళ్ళో పెట్టి, తాళం వేసే పేజీ తీసి, "చదువు. నువ్వే చదువు. నాను ఇంతవరకూ నా గొంతుతోనే విన్నాను," అంది.

నేను చదవడం మొదలుపెట్టాను. నా తెలుగు చదువు అప్పటికి మూడు నెలలది. ఒత్తు కనిపిస్తే ఆగిపోయేదాన్ని. అక్క తలుపు దగ్గరికి రావడానికే చాలాసేపు పట్టింది. "త-లు-పు... ద-గ్... దగ్గ-రి-కి..." గడియ దగ్గర ఒకసారి తప్పి మళ్ళీ వెనక్కి వచ్చాను. తాళం చేతిలోకి తీసుకుంది. "క-ప్... కప్ప" అని ఆగి, అది వానాకాలం అరిచే కప్పా అని అడిగాను. కాదే, తాళంకప్ప అంది అత్త. తాళంచెవి తిప్పడం దగ్గరికి వచ్చేసరికి వరస తప్పి పై లైనుకి వెళ్ళిపోయాను. అక్క మళ్ళీ గుమ్మం లోపలికి వచ్చేసింది. మళ్ళీ తలుపు, మళ్ళీ గడియ.

చప్పుడు వినిపించి తలెత్తాను. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నవ్వీ నవ్వీ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. "ఓలమ్మ, నీ చదువుకి ఆ తాళం పడీసరికి పొద్దు గూకిపోతాదే. ఈలోగా ఆ చెల్లి ఊరంతా తిరిగి వచ్చీగలదు!"

నాకు రోషం వచ్చి పుస్తకం మూసేశాను. అవమానంతో చెవులు వేడెక్కాయి. ఆవిడ నన్ను దగ్గరికి లాక్కుని చాలాసేపు అలాగే కూర్చుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆ వయసులో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

పాస్ వాపస్ ఇవ్వలేదు. పెళ్ళికి మూడు రోజుల ముందు ఇద్దరూ విశాఖ ప్యాసింజర్ ఎక్కారు. మామయ్య చేతిలో సంచీ, అత్త ఒంటి మీద ఎదురింటి అక్క చెప్పిన రంగు చీర. వారం తర్వాత తిరిగొస్తే వరండా అంతా ఆవిడ చుట్టూ మూగింది. "మాటలయ్యాయా?" అని మా అమ్మ ఆత్రంగా అడిగింది. "అయ్యాయి. పెళ్ళి పందిట్లో ఏడ్చుకున్నాం. అప్పగింతల్నాడు మళ్ళీ వియ్యాలవారి కాఫీ గురించి దెబ్బలాడుకున్నాం కూడా," అంది అత్త కాళ్ళు చాపుకుంటూ. అందరూ నవ్వారు. నేను మాత్రం మరింత అయోమయంలో పడ్డాను. ఇది ఏ కట్టలోని సంగతి? మూడో దానిదా, నాలుగో దానిదా?

ఇన్నేళ్ళ తర్వాత ఇదంతా రాయడానికి కారణం మా పాప. దానికి ఎనిమిదేళ్ళు. వాళ్ళ బడి పిల్లలంతా వచ్చే ఆదివారం ఒక సినిమాకి వెళ్తున్నారు. ఆ సినిమాకి మూలమైన పిల్లల పుస్తకం మేం రోజుకి కొంచెం చొప్పున చదువుతున్నాం, ఇంకా సగం ఉంది. తల్లుల వాట్సాప్ గ్రూపులో రెండు రోజులుగా ఇదే గొడవ. ముందు చదివిస్తే ఊహ పెరుగుతుందని ఒకరు, ముందు చూపిస్తేనే చదవాలని ఆశ పుడుతుందని ఇంకొకరు. అందరివీ చదివి, అందరికీ బొటనవేలు గుర్తు పెట్టి, నేను మాత్రం ఏమీ తేల్చుకోలేక కూర్చున్నాను. ఉర్లా ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన్ని అడిగితే, "సినిమానే కదా, ఇంత టెన్షనేంటి?" అన్నాడు. ఆయనకి ఆ తాళం చప్పుడు తెలియదు.

అత్త ముందు సినిమా చూసి ఉంటే ఏమయ్యేది? తాళమే మొదట విని ఉంటే, పళ్ళెం దగ్గర ఆగి ఊపిరి పీల్చుకునే చోటు ఆవిడకి దొరికేదా? లేక బైండరు సరిగ్గా కుట్టి ఉంటే, నాలుగేళ్ళు ఒక తప్పుడు ముగింపు నమ్ముకుని కూర్చోకుండా, ముందే ఒకరోజు లేచి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయేదేమో. ఆవిడ మాకు చదివి వినిపించింది దయా, మోసమా? ఎటు నుంచి ఆలోచించినా ఇంకో వైపు కూడా ఉందనిపిస్తుంది. మా అమ్మని అడిగితే, "అవన్నీ ఇప్పుడెందుకే," అంటుంది. అత్త ఇప్పుడు లేదు.

ఇందాక పాపకి చదువుతుంటే ఒక పేజీ వచ్చింది. కథలో పిల్లాడి కుక్క జబ్బుపడి, ఆ పేజీ చివర చనిపోతుంది. ఆ లైను నాకు ముందే కనిపించింది. నా గొంతు దానంతట అదే దాని మీది నుంచి దాటి కింది పేరాలోకి వెళ్ళిపోయింది. నేను కావాలని చేయలేదు. చేశానేమో. పాప దుప్పట్లోంచి చెయ్యి తీసి, పేజీ మీద వేలు పెట్టి, "మమ్మీ, ఏక్ లైన్ ఛూట్ గయా," అంది. ఒక లైను వదిలేశానట.

ఆ లైను చదవడానికి నోరు తెరిచాను. రాలేదు. పాప నా ముఖం చూసి, తనే చదివింది. ఎక్కడా ఆగలేదు. తప్పు పోలేదు. చదివేసి, "నువ్వు ఏడవకు, తర్వాత ఏమవుతుందో చూద్దాం," అని పేజీ తిప్పింది.

పాపని ఆదివారం పంపిస్తానో లేదో ఇంకా అనుకోలేదు. అత్త ముందు చదివిన ఆ మధ్యాహ్నం నుంచి నాకు మిగిలింది ఒక అలవాటు మాత్రమే. ఎవరికైనా ఏదైనా చదివి వినిపించేటప్పుడు, బాధపెట్టే లైను దగ్గర నా కళ్ళు పేజీ వదిలి వినేవాళ్ళ ముఖం మీదికి వెళ్తాయి, వీళ్ళు దీన్ని మోయగలరా అని. మోయలేనిది వాళ్ళు కాదు, నేనేమోనన్న అనుమానం మొదటిసారి ఇవాళే వచ్చింది.